ఉత్తరం వైపు వంపు

తార్నాకలో ఒక టిఫిన్ సెంటర్ పైన నా డిటెక్టివ్ ఆఫీసు. పది గంటలకు ముందు ఎవరినీ కలవనని తలుపు మీద పెద్దక్షరాలతో రాయించాను. ఆ రోజు తొమ్మిదీ నలభైకే తలుపు తెరుచుకుంది. విసుక్కోబోయి, వచ్చిన మనిషిని చూసి గబుక్కున లేచి నిలబడ్డాను. శివమ్మ చిన్నమ్మ. రెండేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేసినప్పటి నుంచి ఆమె మెట్లెక్కడం మానేసింది. ఇప్పుడు ఇరవై రెండు మెట్లెక్కి, గోడ పట్టుకుని రొప్పుతోంది.

"మీ కాకను ఇయ్యాల పోలీసులకు పట్టిస్తరట బిడ్డా. నాలుగింటికి మీటింగ్ ఉన్నదట."

కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. విషయం మొత్తం రాబట్టడానికి పావుగంట పట్టింది. ఆమె భర్త సామేలు యూనివర్సిటీ బోటనీ విభాగంలో ముప్ఫై ఏళ్ళుగా తోటమాలి. ప్రొఫెసర్ వైదేహి తయారు చేసిన కొత్త నిమ్మ రకం చెట్లు పన్నెండు ఆయన చేతి కింద ఉన్నాయి. వాటిలో ఏడు చచ్చిపోయాయి, ఐదు పచ్చబడి చావుకు సిద్ధంగా ఉన్నాయి. గడ్డి మందు పోసి చంపింది సామేలేనని సెక్యూరిటీ వాళ్ళు తేల్చారు. జూలై ఏడున సస్పెండ్ చేసి, తోట గేటు దాటొద్దన్నారు. ఈ రోజు ఇరవై తొమ్మిది. నాలుగింటికి కమిటీ ఆయన్ని ఒక్కసారి పిలిచి అడుగుతుంది. ఆ తర్వాత పోలీస్ స్టేషన్.

"కాక ఏమంటుండు?"

"ఏమంటలేడు. గదే నా భయం. నేను పొయ్యలేనని ఒక్కసారి అన్నడు. మళ్ళ నోరు తెరుస్తలేడు. అన్నం ముందర కూసొని అట్లనే లేస్తుండు."

ఈ కేసు నేను తీసుకోవాలా వద్దా అని ఆలోచించే హక్కు నాకు లేదు. మాణికేశ్వర్ నగర్‌లో మా ఇల్లు ఒకటే గది, అందులో ఆరుగురం. డిగ్రీ చదివిన మూడేళ్ళూ సాయంత్రాలు నేను సామేలు కాక తోట షెడ్డులో కూర్చుని చదువుకున్నాను. తాళంచెవి ఒకటి నాకే ఇచ్చేశాడు. ఆడపిల్ల ఒక్కతే ఉందని, నేను పుస్తకం మూసేదాకా బయట ఏదో పని కల్పించుకుని ఉండేవాడు. చిన్నమ్మ నా కోసం రోజూ ఒక రొట్టె ఎక్కువ చేసేది. అంటు కట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ రోజు నేను నలుగురిలో తలెత్తుకుని తిరుగుతున్నానంటే ఆ ఇద్దరి పుణ్యమే. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

"నువ్వు ఇంటికి పో చిన్నమ్మా. నాలుగు కొట్టెలోపు నేను గాడ ఉంటా," అన్నాను.

పదకొండున్నరకు తోట దగ్గరికి చేరాను. గేటుకు అడ్డంగా రాజలింగం నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్, రిటైరయ్యాక క్యాంపస్ సెక్యూరిటీ ఆఫీసర్. మూడేళ్ళ క్రితం ఒక అమ్మాయి కనిపించకుండా పోతే, విద్యానగర్ హాస్టల్లో ఒక కుర్రాణ్ణి పట్టుకుని కేసు అయిపోయిందన్నాడు. ఆ అమ్మాయిని నేను కాచిగూడ లాడ్జిలోంచి క్షేమంగా తీసుకొచ్చి, పేపర్ల వాళ్ళ ముందే ఆయన పక్కన నిలబెట్టాను. అది ఆయనకి ఇంకా అరగలేదు.

"ఏంది పూర్ణిమమ్మా, పెండ్లి సంబంధాల ఎంక్వైరీ బంద్ వెట్టి చెట్ల మీద పడ్డవా?"

"మనుషులకంటె చెట్లే నయం సార్. అడిగితే అబద్ధం చెప్పవు."

"అయితే విను. జూన్ పద్దెనిమిది, పొద్దున ఆరూ ఇరవై. సామేలు మందు పంపు వీపుకేసుకొని లోపలికి పోయిండు. వాచ్‌మన్ చూసిండు. ఆరూ యాభైకి బయటికొచ్చిండు. షెడ్డుల గడ్డి మందు డబ్బా దొరికింది, సగం ఖాళీ. కొడుకుకు నౌకరి అడిగితే ఇయ్యలేదని కడుపుల పెట్టుకున్నడు. ఇంకేం గావాలె?"

"పాదులల్ల గడ్డి మోకాలెత్తు ఉన్నది. గడ్డి మందు పోస్తే గడ్డి బతుకుతదా?"

"నలభై రోజులైంది. వానలు పడ్డయ్. మళ్ళ మొలవదా?"

ఆయన చెప్పింది నిజమే. అయినా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తోసుకుని లోపలికి వెళ్ళాను. నన్ను ఆపితే మళ్ళీ పేపర్లలోకి ఎక్కుతానని భయపడ్డాడో ఏమో, వెనకే వచ్చాడు.

మూడో చెట్టు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పైన ఆకు ఒక్కటీ లేదు, కొమ్మలు ఎండి పుల్లలయ్యాయి. కానీ మొదట్లో, మట్టికి బెత్తెడు ఎత్తున, అంటు కట్టిన అతుకు కింద నుంచి ఆకుపచ్చని పిలకలు రెండు లేచాయి. జానెడు పొడవు, లేతగా నిగనిగలాడుతున్నాయి. వాటి పక్కనే కాండం మీద పాత గాట్లు చాలా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి, చాకుతో నున్నగా తీసిన గాట్లు. వాటిని చూశాను గానీ అప్పుడు వాటి సంగతి నా బుర్రకెక్కలేదు. నా చూపంతా పిలకల ఆకుల మీదే ఉంది. ఒక్కో కాడకు మూడేసి ఆకులు.

"సార్, ఇటు రాండ్రి. నిమ్మకు మూడాకులుంటయా?"

"నాకేం ఎరుక? నేను నిమ్మకాయ తింట, ఆకు తినను."

అంటు మొక్క అంటే రెండు చెట్లు. కింది వేరు ఒకటి, పై కొమ్మ ఇంకొకటి. వేరు ఏ జాతిదో తెలియాలంటే కింద నుంచి వచ్చే పిలకను చూడాలి. ఇది మూడాకుల నారింజ. పై కొమ్మ బత్తాయి అయితే దానితో చక్కగా కాపురం చేస్తుంది. యురేకా జాతి నిమ్మ అయితే రెండు మూడేళ్ళు బాగున్నట్టే ఉండి, అతుకు దగ్గర చెడుతుంది. వైదేహి గారి కొత్త రకం యురేకా నుంచి పుట్టిందేనని క్యాంపస్‌లో అందరికీ తెలుసు.

బ్యాగులోంచి చాకు తీసి, అతుకు దగ్గర రెండు వేళ్ళ వెడల్పున బెరడు ఒలిచాను. లోపల కట్టె మీద, సరిగ్గా అతుకు ఉన్న చోట, చుట్టూ ఒక గోధుమరంగు గీత. బెరడు లోపలి వైపు కూడా అదే గీత, దాని మీద గట్టిపడిన బంక.

"పైన ఆకులల్ల తయారైన తిండి బెరడు వెంబడి వేరుకు దిగాలె. గీ గీత కాడ తొవ్వ మూసుకపోయింది. వేరు ఆకలికి ఎండింది, దానితోని పైచెట్టు పోయింది. ఎవ్వరూ విషం పొయ్యలే సార్. గీ రెండూ ఒకదానికొకటి పడలే."

రాజలింగం వంగి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అయితే సామేలు తప్పు అంటు కట్టిండు. గదీ నేరమే."

"గీ అంటు కాకది కాదు."

"పేరు రాసున్నదా?"

"రాసే ఉన్నది, మీరు చదువుతలేరు," అని చెట్టు మొదలు చూపించాను. "అతుకు కాడ చెట్టు ఎట్ల వంగి పైకి లేచిందో చూడుండ్రి. కన్ను, అంటే పై జాతి మొగ్గ, పెట్టినంక, అది చిగురిస్తే కింది చెట్టు పైకొమ్మను కోసేస్తరు. చిగురు పక్కకొచ్చి పైకి లేస్తది. కన్ను ఏ దిక్కుకు పెడితే వంపు ఆ దిక్కుకు. కాక సంచిల మొక్కకు కట్టడు. ముందు పాదుల నాటి, ఏడాది పెంచి, నిలబడ్డ కాడనే కడతడు. కన్ను ఎప్పుడూ ఉత్తరం దిక్కే. మధ్యాహ్నం ఎండకు కన్ను మాడొద్దని. నాకు నేర్పినప్పుడు దక్షిణం దిక్కు పెట్టినందుకు చేతి మీద ఒక్కటి వేసిండు."

ఫోన్‌లో దిక్సూచి తెరిచి పన్నెండు చెట్లూ తిరిగాను. రెండు ఉత్తరానికి వంగి ఉన్నాయి. మిగతా పదీ తలో దిక్కుకు. సంచుల్లో పెరిగిన మొక్కల్ని తెచ్చి ఎలా పడితే అలా నాటితేనే ఇలా ఉంటుంది.

"అంటే?" అన్నాడు రాజలింగం. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"అసలు చెట్లు తీసుకపోయిండ్రు సార్. వాటి జాగల నర్సరీ మొక్కలు పెట్టిండ్రు. ఎవరో, ఎప్పుడో."

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశారని అడిగితే చెప్పలేదు. పోలీసు బుద్ధి అనుకున్నాను.

పన్నెండుంబావుకు స్నేహలత వచ్చింది. వైదేహి దగ్గర పరిశోధన చేసే అమ్మాయి, చేరి ఏడాది అయింది. సామేలు పేరు ఎత్తగానే కళ్ళు తుడుచుకుంది. నేను సూటిగా అడిగాను.

"ఆకులు పచ్చబడుడు మొదట ఎప్పుడు చూసినవు?"

"నేను ఎవ్రీ మండే తొమ్మిదిన్నరకు ఫోటోలు తీస్తా అక్కా. ఆగు చూపిస్తా." ఫోన్ నా ముందు పెట్టింది. జూన్ రెండో తేదీ ఫోటోలోనే నాలుగు చెట్లు పసుపు తిరిగి ఉన్నాయి. సామేలు మందు పంపుతో లోపలికి వెళ్ళిన రోజుకు పదహారు రోజుల ముందు.

"ఇది కమిటీకి చూపియ్యలేదా?"

"మేడమ్‌కి చూపించిన. నేను సబ్మిట్ చేస్తాలే అన్నరు."

"నాటినప్పటి ఫైల్ ఉన్నదా?"

షెడ్డులోంచి తెచ్చి ఇచ్చింది. నాలుగేళ్ళ కిందటి ఆగస్టు పేజీ. వేరు జంభేరి, పాదులోనే అంటు, కన్ను ఉత్తరం వైపు, కట్టింది సామేలు. జంభేరి నిమ్మకు ఆకులు మూడేసి ఉండవు. పేజీలు తిప్పుతూ వచ్చాను. రెండేళ్ళ కిందటి ఫిబ్రవరి దగ్గర వేలు ఆగిపోయింది. 'డ్రిప్ పైపుల మరమ్మతు. తొమ్మిది నుంచి పదిహేడు వరకు తోట మూసివేత.' కింద వైదేహి సంతకం.

ఆ తొమ్మిది రోజులూ నాకు బాగా గుర్తు. ఎనిమిదో తేదీ తెల్లవారుజామున చిన్నమ్మకు గుండెపోటు వచ్చింది. కాక ఫోన్ చేస్తే వైదేహి గారే కారు నడుపుకుంటూ వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్ళింది. పదిహేడు వరకు కాక ఆ హాస్పిటల్ వరండా దాటలేదు. పొద్దున్నే ఇడ్లీ పట్టుకెళ్ళింది నేనే.

చిన్నమ్మను బతికించిందని ఆ రోజు నేను వైదేహి గారి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాను. ఆ చేతులను ఇప్పుడు అనుమానించడానికి నాకు సిగ్గేసింది. సిగ్గేసినా వెళ్ళాను.

ఒకటిన్నరకు ల్యాబ్‌లో కలిసింది. నన్ను చూడగానే కుర్చీ చూపించి, మొదట అడిగిన మాట ఇది.

"శివమ్మ ఎలా ఉంది? మందులు టైమ్‌కి వేసుకుంటోందా? ఉప్పు తగ్గించమని చెప్పు."

అందులో నటన లేదు. నేను రోజూ అబద్ధాలు వినే మనిషిని, ఆ మాత్రం కనిపెట్టగలను.

"మా కాక సంగతి మేడమ్."

"సామేలు మంచివాడు. నేనే పోలీసుల దాకా వెళ్ళనివ్వను. నేరం ఒప్పుకుంటూ ఒక కాగితం రాసిస్తే ఉద్యోగంతో పోతుంది. ఇది నా మాట."

"చెట్లనేం చేస్తరు?"

"రేపు ఏడింటికి పీకించి కాల్చేయమన్నాను. పక్క ప్లాట్లకు పాకకూడదు కదా."

"విషం పాకదు కద మేడమ్. రోగమైతే పాకుతది."

ఆమె చేతిలో పెన్ను ఆగింది. నా బ్యాగు వైపు చూసింది. అందులో కాగితంలో చుట్టిన బెరడు ముక్క ఉందని ఆమెకు తెలిసే అవకాశం లేదు.

"అది రూల్, పూర్ణిమా. నాలుగింటికి మీటింగ్ ఉంది, నేను ప్రిపేర్ అవ్వాలి," అంది.

బయటికి వచ్చి ల్యాబ్ మెట్ల మీద కూర్చున్నాను. అంతా ఒక చోటికి వచ్చింది. కొత్త రకాన్ని ఆమె ఎవరికో అప్పగించింది. ఖాళీ కనబడకుండా నర్సరీ మొక్కలు తెప్పించింది. నర్సరీ వాడు పిలకలన్నీ గిల్లేసి, మూడాకుల వేరు మీద కట్టినవి అంటగట్టాడు. కాయలు కోసి లెక్క రాసేది ఆమె ఒక్కతే కాబట్టి రెండేళ్ళు ఎవరికీ తెలియలేదు. నాలుగింటికి ఇదంతా చెబితే కాక ఇంటికి వస్తాడు. లేచి బట్టలు దులుపుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ పాత గాట్లు.

ఈ రోజు నేను చూసిన పిలకలు జానెడే ఉన్నాయి. మూడు వారాల పెరుగుదల. సామేలు తోటలోకి రాక ఇరవై రెండు రోజులు. అంతకు ముందు రెండేళ్ళూ వారం వారం ఆ పిలకల్ని చాకుతో నున్నగా తీసినవాడు ఒకడున్నాడు. ప్రతిసారీ మూడాకులు చూసినవాడు. పన్నెండు చెట్ల చుట్టూ రోజూ తిరుగుతూ, వంపు ఏ దిక్కుకు ఉందో చూసినవాడు.

మూడూ నలభైకి పరిగెత్తుకుంటూ కమిటీ హాలు వరండాలోకి వచ్చాను. తలుపు పక్క బెంచీ మీద సామేలు కాక ఒక్కడే కూర్చున్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, ఆదివారం చర్చికి వేసుకునేది. నేను ఆయన ముందు నేల మీదే కూర్చున్నాను.

"కాకా, నీకు ముందే ఎరుక కద."

ఆయన నా వైపు చూడలేదు.

"పిలకలు తీసింది నువ్వే. మూడాకులు చూసినవు. హాస్పిటల్ నుంచి వచ్చిన నాడే తెలిసింది నీకు."

"గేటు తెరవంగనే తెలిసింది బిడ్డా. నేను కట్టిన చెట్లు నేను ఎరుగనా?" గొంతు చాలా మెల్లగా ఉంది. "మేడమ్ ఆకు చూస్తది, కాయ చూస్తది. మొదలు చూడదు. మొదలు చూసుడు తోటమాలి పని. చూసుంటే గా మొక్కలను ఆడ పెట్టనియ్యకపోతుండె."

"మరి ఎందుకు చెప్పలే?"

"గా దినం తెల్లారుజామున నాలుగున్నరకు ఫోన్ చేస్తే కాళ్ళకు చెప్పులు గూడ లేకుండ వచ్చింది. ఇంకో పావుగంట అయితే మీ చిన్నమ్మ దక్కకపోతుండె అన్నడు డాక్టరు. తొమ్మిది రోజులు దినాం వచ్చి చూసిపోయింది."

"గా తొమ్మిది రోజులల్లనే నీ చెట్లు తీసింది కాకా!"

"రెండూ నిజమే బిడ్డా," అన్నాడు.

ఆయన జేబులోంచి మడత కాగితం తీసి చూపించాడు. వంకర అక్షరాలతో, 'గడ్డి మందు నేనే పోసినాను' అని రాసి ఉంది.

"చిన్నమ్మకు తెలిస్తే గుండె ఆగుతది. ఆమెను బతికించిన మనిషిని నేను బజారుకు ఈడ్వలేను. పోలీసులు రారు, మేడమ్ మాటిచ్చింది." అరచేయి చాచాడు. మట్టి పట్టి పగిలిన ఆ చేయే నాకు కన్ను పెట్టడం నేర్పింది. "నీకు షెడ్డు తాళంచెవి ఇచ్చిన నాడు నేనేం అడగలే పూర్ణిమా. ఇయ్యాల అడుగుతున్న. గా బెరడు నాకియ్యి."

బ్యాగులోంచి తీశాను. తీశాను గానీ ఇవ్వలేకపోయాను, తిరిగి లోపల పెట్టనూ లేకపోయాను. ఇవ్వకపోతే ఆయన మాట కాదన్నదాన్నవుతాను. ఇస్తే ముప్ఫై ఏళ్ళ ఆయన పేరును నా చేతులతో పాతిపెట్టినదాన్నవుతాను. లోపల ఉన్న ఆమెకు కూడా నేను దండం పెట్టినదాన్నే. కళ్ళల్లో నీళ్ళు తిరిగి కాగితం మసకబారింది.

వెనక నుంచి ఒక చేయి వచ్చి ఆ పొట్లాన్ని తీసుకుంది.

రాజలింగం. చంకలో పాత గేటు రిజిస్టర్ ఉంది. చెట్లు ఏ గేటు నుంచి, ఎప్పుడు పోయాయో వెతకాలని పొద్దున తోటలో చిన్న పుస్తకంలో రాసుకున్నాడని ఇప్పుడు అర్థమైంది. ఎంతసేపటి నుంచి స్తంభం వెనక నిలబడి ఉన్నాడో తెలియదు.

"నాకు ఈయన ఏం సాయం చెయ్యలే. గా మేడమ్ గూడ చెయ్యలే," అన్నాడు. "నేను తప్పు మనిషిని పట్టుకున్న. ఇది రెండోసారి. మూడోసారి కావొద్దు."

సామేలు కాక లేచి ఆయన చేయి పట్టుకోబోయాడు. రాజలింగం సున్నితంగా విడిపించుకున్నాడు. ఆ మనిషి మీద నాకు జీవితంలో మొదటిసారి కృతజ్ఞత కలిగింది.

ఆయన తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, రిజిస్టర్ తెరిచి బల్ల మీద పెట్టాడు. తలుపు మూసుకోలేదు.

"మేడమ్, రెండేండ్ల కింద ఫిబ్రవరి పదకొండు, మధ్యాహ్నం రెండూ పది. వెనక గేటుకెల్లి పన్నెండు చెట్లతోని ఒక డీసీఎం వ్యాను బయటికి పోయింది. వదిలిపెట్టమని గీడ సంతకం పెట్టింది మీరేనా?"

వైదేహి రిజిస్టర్ వైపు చూడలేదు, రాజలింగం వైపూ చూడలేదు. తెరిచిన తలుపులోంచి వరండాలో ఉన్న సామేలు వైపు చూసింది.

సామేలు కాక తప్పంతా తనదే అన్నట్టు తల దించుకుని, ఆమెకు రెండు చేతులూ జోడించాడు.